మన ఫోన్లో చైనా ఉపగ్రహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఫోన్లో లొకేషన్ ఎలా తెలుస్తుందో రాస్తూ, అమెరికా జీపీఎస్‌తో పాటు చైనా వాళ్ల బెయ్‌డౌ వ్యవస్థను కూడా మన ఫోన్లు వాడుకుంటున్నాయని ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం పట్టుకుని బోలెడన్ని ఉత్తరాలు, మెయిళ్లు వచ్చాయి. కొందరు భయపడ్డారు, కొందరు కోప్పడ్డారు, కొందరు మంచి ప్రశ్నలు వేశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

*సార్, మీరు రాసింది చదివి జీపీఎస్‌టెస్ట్ అనే యాప్ వేసుకుని డాబా ఎక్కి చూశాను. అందులో ఉపగ్రహాల పక్కన అమెరికా జెండాల కంటే చైనా జెండాలే ఎక్కువ కనిపించాయి. నేనెక్కడ ఉన్నానో చైనాకి తెలిసిపోతోందా? అమ్మ టెన్షన్ పడి లొకేషన్ ఆపేయమంటోంది. – డిగ్రీ విద్యార్థిని, తెనాలి*

అమ్మకి ధైర్యం చెప్పమ్మా. ఆ ఉపగ్రహాలకు నువ్వు ఉన్నట్టే తెలియదు. అవి "నా గడియారంలో ఇప్పుడు టైమ్ ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను" అని అందరికీ వినపడేలా చెప్పుకుంటూ పోతాయి, అంతే. నీ ఫోన్ ఆ మాట వింటుంది గానీ తిరిగి ఏమీ పంపదు. ఆకాశవాణి వింటుంటే విజయవాడ స్టేషన్ వాళ్లకి మీ ఇంట్లో రేడియో మోగుతోందని తెలియదు కదా, ఇదీ అలాంటిదే. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, ఒక్కోటి చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి నీ ఫోనే తన చోటు తాను లెక్క కట్టుకుంటుంది.

మరి చైనావే ఎందుకు ఎక్కువ కనిపించాయంటే, ఆ వ్యవస్థను కట్టిన తీరు అలాంటిది. భూమి చుట్టూ సుమారు 21,500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేవి 24 కాక, 36,000 కిలోమీటర్ల ఎత్తున ఆసియా మీదే ఉండేలా ఇంకో ఆరు పెట్టారు. వాటిలో కదలకుండా ఉండేవి మూడు, కొంచెం వాలుగా తిరిగేవి మూడు. కదలని మూడింటిలో ఒకటి 80 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది, అంటే మన నెల్లూరుకి సూటిగా దక్షిణాన, భూమధ్యరేఖ పైన. పాత తరం ఉపగ్రహాలు కొన్ని వీటికి అదనం. కాబట్టి తెనాలిలో డాబా ఎక్కితే అవి కనపడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నీ లొకేషన్ బయటికి పోయే దారి వేరే ఉంది. ఫోన్ లెక్క కట్టుకున్న చోటుని ఇంటర్నెట్ ద్వారా బయటికి పంపేవి యాప్‌లు. ఏ యాప్‌కి లొకేషన్ అనుమతి ఇచ్చావో సెట్టింగ్స్‌లో ఈ రోజే ఒకసారి చూసుకో, అక్కర్లేనివి తీసెయ్. అమ్మ భయం అనవసరమైంది కాదు, కాకపోతే ఆ భయం ఆకాశం వైపు కాకుండా ఆ యాప్‌ల వైపు తిరగాలి. (ఇందులో ఒక మినహాయింపు ఉంది, కాకినాడ పాఠకుడి ప్రశ్న దగ్గర చెబుతాను.)

*జీపీఎస్ ఉచితంగానే వస్తోంది కదా, చైనా అంత డబ్బు పోసి సొంతంగా ఎందుకు పెట్టుకుంది? పైగా ప్రపంచమంతా ఎందుకు విస్తరించింది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్*

మాస్టారూ, దీని వెనక పెద్ద కథే ఉంది.

జీపీఎస్ అమెరికా సైన్యం కట్టుకున్నది. మొదటి ఉపగ్రహం 1978లో వెళ్లింది, 1995 నాటికి వ్యవస్థ పూర్తయింది. మనలాంటి మామూలు జనానికి ఇచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపేవాళ్లు, 2000 మే నెలలో గానీ దాన్ని తీసెయ్యలేదు. అంటే ఉచితమే, కానీ మీట వాళ్ల చేతిలో. 1993లో యిన్‌హే అనే చైనా సరుకుల ఓడ ఇరాన్‌కి రసాయన ఆయుధాల ముడిసరుకు తీసుకెళ్తోందని అమెరికా ఆరోపించింది. ఆ ఓడ వారాల తరబడి సముద్రంలోనే నిలిచిపోయింది. చివరికి సౌదీ అరేబియాలోని దమ్మామ్ రేవులో తనిఖీ చేస్తే అలాంటిదేమీ దొరకలేదు. ఆ రోజుల్లో ఓడకి జీపీఎస్ అందకుండా చేశారని చైనా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మరుసటి ఏడాదే, 1994లో, బెయ్‌డౌ ప్రాజెక్టు మొదలైంది. ఆలోచన మాత్రం అంతకు ముందుదే. రెండే రెండు ఉపగ్రహాలతో చోటు కనిపెట్టవచ్చని చెన్ ఫాంగ్‌యున్ అనే శాస్త్రవేత్త 1983లోనే ప్రతిపాదించారు.

2000లో రెండు, 2003లో ఒకటి పంపి తమ దేశం వరకు, చుట్టుపక్కల వరకు పనిచేసే చిన్న వ్యవస్థ పెట్టుకున్నారు. అదే సమయంలో యూరప్ గెలీలియో అనే వ్యవస్థ కడుతుంటే అందులో భాగస్వాములమవుతామని 2003లో ఒప్పందం చేసుకున్నారు, 20 కోట్ల యూరోలు పెడతామన్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే అనిపిస్తుంది. డబ్బు పెట్టినా కీలకమైన నిర్ణయాల్లో, సాంకేతిక విషయాల్లో తమని దగ్గరికి రానివ్వడం లేదని చైనాకి త్వరలోనే అర్థమైంది. అలిగి ఊరుకోలేదు, సొంత వ్యవస్థనే పెద్దది చేసుకుంటామని బయల్దేరారు.

ఉపగ్రహాల ఫ్రీక్వెన్సీలు వాడుకోవాలంటే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌లో ముందుగా నమోదు చేసుకోవాలి, ఆ తర్వాత ఏడేళ్లలోగా ఉపగ్రహం నిజంగా పంపి సంకేతం ఇచ్చి చూపించాలి, లేకపోతే హక్కు పోతుంది. చైనా గడువు 2007 ఏప్రిల్ 17. రాకెట్ మీదికి ఎక్కించాక ఉపగ్రహంలో లోపం బయటపడింది, దాన్ని విప్పి బాగుచేసి మళ్లీ బిగించి ఏప్రిల్ 14న ప్రయోగించారు. నేల మీద స్టేషన్లకు మొదటి సంకేతం అందింది సరిగ్గా 17వ తేదీన, గడువు ముగియడానికి కొన్ని గంటల ముందు. ఆ రోజు అది అందకపోయి ఉంటే ఈ రోజు తెనాలి అమ్మాయి ఫోన్లో ఆ జెండాలు ఉండేవో లేదో.

2012 డిసెంబర్ 27న ఆసియా–పసిఫిక్ ప్రాంతానికంతటికీ సేవలు మొదలయ్యాయి. అదే రోజు ఇంకో పని కూడా చేశారు, దాన్ని చాలామంది పట్టించుకోరు. తమ పౌర సంకేతం ఎలా ఉంటుందో వివరించే పత్రాన్ని పూర్తిగా బయటపెట్టారు. దానితో ప్రపంచంలో ఏ చిప్ కంపెనీ అయినా ఎవరినీ అడగకుండా, రాయల్టీ కట్టకుండా బెయ్‌డౌ రిసీవర్ తయారు చేసుకోవచ్చు. తర్వాత 2017 నవంబర్ నుంచి 2020 జూన్ వరకు, మూడేళ్లు కూడా నిండకుండా, కొత్త తరం ఉపగ్రహాలు 30 పంపారు. వ్యవస్థ పూర్తయిందని 2020 జులై 31న చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ప్రకటించారు.

ఎందుకు విస్తరించారన్నారు కదా. ఒక కారణం సైన్యం, అందులో దాపరికమేమీ లేదు. రెండోది వ్యాపారం: రిసీవర్లు, ట్రాక్టర్లు, డ్రోన్లు, సర్వే పరికరాలు, రేవుల్లో క్రేన్లు, వీటన్నిటినీ బయటి దేశాలకు అమ్మాలి. బెల్ట్ అండ్ రోడ్ (చైనా వేరే దేశాల్లో రోడ్లు, రేవులు కట్టే పథకం) దారిలో ఉన్న దేశాలకు 2018 నాటికి, ప్రపంచానికంతటికీ 2020 నాటికి సేవలందిస్తామని 2016లో విడుదల చేసిన శ్వేతపత్రంలోనే రాసుకున్నారు, రాసుకున్నట్టే చేశారు.

*నేను దుబాయ్‌లో ట్రక్కు నడుపుతాను, మాది జగిత్యాల దగ్గర. ఇక్కడి పెద్ద ప్రాజెక్టుల్లో చైనా సర్వే మిషన్లు, ట్రాకర్లు చాలా చూస్తున్నాను. ఉపగ్రహం పైన తిరుగుతుంటే సంకేతం ఎలాగూ అన్ని దేశాలకూ పడుతుంది కదా, మళ్లీ ఒక్కో దేశంతో ఒప్పందాలు ఎందుకు అన్నా? – గల్ఫ్ పాఠకుడు*

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది నీదే తమ్ముడూ. అసలు కిటుకు నువ్వు అడిగిన చోటే ఉంది.

ఉపగ్రహ సంకేతం నేరుగా అందుకుంటే ఐదు, పది మీటర్ల తేడాతో నీ చోటు తెలుస్తుంది. నీకు రోడ్డు చూపించడానికి అది చాలు. కానీ రేవులో కంటైనర్ని సరిగ్గా దాని చోట దించాలన్నా, పొలం హద్దు కొలవాలన్నా సెంటీమీటర్లలో కావాలి. అది రావాలంటే నేల మీద, చోటు కచ్చితంగా తెలిసిన రిఫరెన్స్ స్టేషన్లు ఉండాలి. అవి ఉపగ్రహ సంకేతంలో ఎంత తప్పు వస్తోందో ప్రతి క్షణం లెక్క వేసి చుట్టుపక్కల పరికరాలకు సవరణ పంపుతాయి. ఈ స్టేషన్లు ఆ దేశం నేల మీదే పెట్టాలి, ఆ దేశం ఒప్పుకోవాలి, కరెంటు కావాలి, మనుషులు కావాలి. విస్తరణ అంటే ఎక్కువ భాగం ఇదే. రాకెట్లు టీవీలో కనిపిస్తాయి, ఈ స్తంభాలు కనిపించవు.

చైనా చేసింది చూడు. థాయ్‌లాండ్‌తో 2013లో ఒప్పందం చేసుకుని స్టేషన్లు మొదలుపెట్టారు. 2014లో పాకిస్తాన్‌లోని కరాచీలో స్టేషన్ల నెట్‌వర్క్ కట్టారు. మీ అరబ్ దేశాల విషయానికొస్తే, 2018లో ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో చైనా–అరబ్ బెయ్‌డౌ కేంద్రం తెరిచారు, దేశం బయట వాళ్లు పెట్టిన మొదటి కేంద్రం అదే. అక్కడ అరబ్ దేశాల ఇంజినీర్లకు శిక్షణ ఇస్తారు, పరీక్షలు చేసి చూపిస్తారు. అరబ్ దేశాలతో బెయ్‌డౌ సహకార సదస్సులు 2017 నుంచి నడుపుతున్నారు, ఆఫ్రికా దేశాలతో 2021లో మొదలుపెట్టారు. ఒక దేశంలో ఇంజినీర్లు ఒక వ్యవస్థ మీద చదువుకుని, దాని పరికరాలతో పని నేర్చుకుంటే తర్వాత ముప్ఫై ఏళ్లు కొనుగోళ్లు కూడా అటే పోతాయి. నువ్వు సైట్లో చూస్తున్న మిషన్ల వెనక ఇలాంటి పని చాలా ఏళ్లుగా నడుస్తోంది.

రష్యాతో పద్ధతి వేరు, అక్కడ ఇద్దరికీ సొంత వ్యవస్థలున్నాయి కాబట్టి ఇచ్చిపుచ్చుకున్నారు. 2022 ఒప్పందం ప్రకారం రష్యా గ్లొనాస్ స్టేషన్లు చైనాలోని చాంగ్‌చున్, ఉరుమ్‌చీ, షాంఘైలలో, బెయ్‌డౌ స్టేషన్లు రష్యాలోని ఓబ్నిన్‌స్క్, ఇర్కూట్‌స్క్, పెట్రోపావ్లోవ్‌స్క్–కమ్చాట్‌స్కీలలో.

అన్ని దేశాలూ స్టేషన్లకు చోటివ్వవు కదా. ఆ సంగతి తెలిసే కొత్త తరం ఉపగ్రహాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునేలా లింకులు పెట్టారు. చైనాకి అవతలి వైపు ఆకాశంలో ఉన్న ఉపగ్రహానికి కూడా చైనా మీద ఉన్న ఉపగ్రహం ద్వారా ఆదేశం చేరుతుంది. ప్రపంచమంతా నేల దొరకని దేశం కనిపెట్టుకున్న ఉపాయం ఇది, ఇంజినీరింగ్‌గా చూస్తే మెచ్చుకోవాల్సిందే.

ఇంకో వైపు కాగితం పని నడిచింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో బెయ్‌డౌని గుర్తించింది, అంటే వాణిజ్య నౌకలు దాన్ని అధికారికంగా వాడుకోవచ్చు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల్లోకి 2023లో చేరింది. ఒక్కో గుర్తింపుకీ ఏళ్లు పట్టింది. మొబైల్ ప్రమాణాల్లోనూ అంతే.

*బెయ్‌డౌ గొప్పదా, జీపీఎస్ గొప్పదా? ఒక్క మాటలో చెప్పండి. – ఇంటర్ విద్యార్థి, ఖమ్మం*

మామూలు వాడకానికి రెండూ ఒకటే. ఆసియాలో బెయ్‌డౌవి ఎక్కువ ఉపగ్రహాలు నెత్తిమీద ఉంటాయి కాబట్టి ఎత్తైన బిల్డింగుల మధ్య కొంచెం లాభం. అసలు లాభం అన్నిటినీ కలిపి వాడితేనే. 2019 జులైలో యూరప్ గెలీలియో దాదాపు వారం రోజులు పడకేసింది, అయినా చాలామంది ఫోన్లలో తేడా తెలియలేదు, మిగతా వ్యవస్థలు నడుస్తున్నాయి కాబట్టి.

*పాకిస్తాన్ సైన్యం బెయ్‌డౌ వాడుతోందని వార్తలు చూస్తున్నాం. అదే వ్యవస్థ మన ఫోన్లలో ఉండటం ఏమిటి? నిషేధించాలి కదా? – గృహిణి, కర్నూలు*

మీ ఆవేదన నాకు అర్థమైందమ్మా. రెండు విషయాలు విడదీసి చూద్దాం.

బెయ్‌డౌలో కూడా జీపీఎస్‌లో లాగే రెండు రకాల సంకేతాలుంటాయి. ఒకటి అందరికీ తెరిచినది. రెండోది రహస్య సంకేతం, అనుమతి ఉన్న సైన్యాలకే, దాన్ని జామ్ చేయడం, నకిలీ చేయడం చాలా కష్టం. పాకిస్తాన్ సైన్యానికి ఆ రెండోది చైనా ఇచ్చిందని అంతర్జాతీయ వార్తాసంస్థలు చాలా ఏళ్లుగా రాస్తున్నాయి. మన ఫోన్ వినేది మొదటి రకం మాత్రమే. దాన్ని మన ఫోన్లలో ఆపేస్తే పాకిస్తాన్‌కి జరిగే నష్టం ఏమీ లేదు, మనకే హైటెక్ సిటీ లాంటి చోట్ల లొకేషన్ కొంచెం అటూ ఇటూ అవుతుంది.

కానీ మీ ప్రశ్నలో న్యాయమైన భాగం ఒకటుంది. యుద్ధం వచ్చినప్పుడు తెరిచిన సంకేతాన్ని యజమాని దేశం ఒక ప్రాంతంలో ఆపేయగలదు, తప్పుదారి పట్టించగలదు. మన సైన్యం, మన విమానాలు, మన కరెంటు గ్రిడ్ ఏ పరాయి దేశపు సంకేతం మీదా పూర్తిగా ఆధారపడకూడదు. చైనాదే కాదు, అమెరికాది కూడా. 1999 కార్గిల్ యుద్ధమప్పుడు మనం అడిగిన జీపీఎస్ సమాచారం అమెరికా ఇవ్వలేదని అంటారు, మన సొంత వ్యవస్థ ఆలోచన గట్టిపడింది ఆ తర్వాతే. నిషేధం కన్నా సొంతది బాగా ఉండటం ముఖ్యం. అది ఎంత బాగా ఉందో కింద గుంటూరు ప్రశ్నలో రాశాను, చదివితే మీకు ఇంకొంచెం కోపం రావచ్చు, రావాలి కూడా.

*మా నాన్న వేటకి వెళ్తారు. చైనా బోట్లలో బెయ్‌డౌ సెట్ ద్వారా సముద్రం మధ్యలోంచి మెసేజ్ పంపుతారని యూట్యూబ్‌లో చూశాను. అలాంటిది మనకి దొరుకుతుందా? – కాకినాడ పాఠకుడు*

నిజమే. మిగతా పెద్ద వ్యవస్థల్లో లేని ప్రత్యేకత అది. మొదటి తరం బెయ్‌డౌలో పరికరమే ఉపగ్రహానికి సంకేతం పంపేది, చోటు లెక్క కట్టేది నేల మీది కేంద్రం, ఆ దారిలోనే చిన్న చిన్న మెసేజ్‌లూ వెళ్లేవి. 2008లో సిచువాన్ భూకంపంలో ఫోన్లన్నీ మూగబోతే సహాయక దళాలు ఈ సెట్లతోనే కబురు పంపాయి. ఇప్పటి తరంలో ఆసియా–పసిఫిక్ ప్రాంతంలో ఒక్కో మెసేజ్‌లో వెయ్యి చైనా అక్షరాల దాకా పంపవచ్చు. నేను తెనాలి అమ్మాయికి చెప్పిన మినహాయింపు ఇదే: మెసేజ్ పంపే సెట్ వాడితే మాత్రం ఆ వ్యవస్థకి మీరెక్కడున్నారో తెలుస్తుంది, ఎందుకంటే మీరే పిలిచి చెబుతున్నారు.

ఆ సెట్ మన బోట్లలో పెట్టుకునే ఆలోచన వద్దు, అనుమతి లేని ఉపగ్రహ పరికరాలు వాడితే మన దేశంలో కేసులవుతాయి. మనకి వేరేవి ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2019లో జెమిని అనే పరికరం తెచ్చింది. మన దేశపు గగన్ వ్యవస్థ ఉపగ్రహం ద్వారా తుఫాను హెచ్చరికలు, అలల ఎత్తు, చేపలు దొరికే చోట్లు బోటులోని ఫోన్‌కి వస్తాయి, తీరం నుంచి ఎంత దూరం పోయినా సరే. 2017లో ఓఖీ తుఫాను కేరళ, తమిళనాడు మత్స్యకారులను ఎంతమందిని మింగిందో గుర్తుంది కదా, తీరానికి దూరంగా ఉన్నవాళ్లకి కబురు చేరకపోవడమే అప్పుడు కొంప ముంచింది. జెమినిలో లోటు ఏమిటంటే వినడమే తప్ప తిరిగి చెప్పడానికి లేదు. ఆపదలో సంకేతం పంపి, "అందింది, వస్తున్నాం" అని జవాబు కూడా తెలుసుకునే రెండో తరం ప్రమాద హెచ్చరిక పరికరాన్ని ఇస్రో తయారు చేసింది. మీ ఊరి మత్స్యశాఖ ఆఫీసులో ఈ రెండింటి గురించీ గట్టిగా అడగండి. ఒక్కరు కాదు, బోటు యజమానులంతా కలిసి వెళ్లండి.

*నేను భూముల రీసర్వేలో రోవర్ (ఉపగ్రహాలతో హద్దులు కొలిచే పరికరం) పట్టుకుని తిరిగాను. తెర మీద బెయ్‌డౌ ఉపగ్రహాలు కూడా లెక్కలోకి వస్తున్నట్టు చూపేది. అవి తీసేసి కొలిస్తే కొలత ఇంకా నమ్మకంగా ఉంటుందా? – సర్వేయర్, శ్రీకాకుళం జిల్లా*

ఉండదండీ, తగ్గుతుంది. మీ రోవర్‌కి సెంటీమీటర్ల కొలత ఇచ్చేది మన నేల మీది సీఓఆర్‌ఎస్ స్టేషన్ (పైన గల్ఫ్ తమ్ముడికి చెప్పిన రిఫరెన్స్ స్టేషన్ ఇదే) పంపే సవరణ. కొబ్బరి తోటల్లో, జీడిమామిడి తోటల్లో ఆకాశం సగం మూసుకుపోతుంది కాబట్టి ఎన్ని ఎక్కువ ఉపగ్రహాలు కనిపిస్తే ఫిక్స్ (కచ్చితమైన చోటు) అంత త్వరగా, అంత గట్టిగా వస్తుంది. ఒక ఉపగ్రహం తప్పు చెబితే మిగతావాటితో పోల్చి దాన్ని పక్కన పెట్టే తెలివి రోవర్‌కి ఉంది. హద్దు తగాదా ఉన్న చోట మాత్రం కొన్ని గంటల తేడాతో రెండోసారి కొలవండి, ఈలోగా ఆకాశంలో ఉపగ్రహాల అమరిక మారిపోతుంది కాబట్టి అది నిజమైన తనిఖీ అవుతుంది.

*న్యూజెర్సీలో ఉంటాను. ఇండియా వచ్చినప్పుడు బెయ్‌డౌ చూపించే నా ఫోన్ ఇక్కడ చూపించదు. ఎందుకు? – ఐటీ ఉద్యోగి*

అమెరికాలో పరాయి దేశాల నావిగేషన్ సంకేతాలు వాడాలంటే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి కావాలి. గెలీలియోకి 2018లో ఇచ్చారు, బెయ్‌డౌకి ఇవ్వలేదు. చాలా ఫోన్లు ఏ దేశంలో ఉన్నాయో చూసుకుని దానికి తగ్గట్టు ఆపేసుకుంటాయి. విశేషమేమిటంటే రెండు దేశాల పౌర సంకేతాలు ఒకదానికొకటి అడ్డం రాకుండా, కలిపి వాడుకునేలా ఉండాలని అమెరికా, చైనా 2017లో ఉమ్మడి ప్రకటన చేశాయి. ఆకాశంలో సర్దుబాటు కుదిరింది, నేల మీద కుదరలేదు.

*మన నావిక్ సంగతేమిటి? చైనా 30 పంపితే మనం ఏడు పంపాం, అవి కూడా అన్నీ పనిచేయడం లేదంటున్నారు. మనం వేరే దేశాలకు ఎప్పుడు ఇస్తాం? – ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకురాలు, గుంటూరు*

మేడమ్, ఇది రాయడానికి బాధగా ఉంది, అయినా ఉన్నదున్నట్టు రాస్తాను.

మన దేశం సొంతంగా కట్టుకున్న ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌ని మొదటి నుంచీ ప్రపంచం కోసం కట్టలేదు. 2006లో 1,420 కోట్ల రూపాయలతో అనుమతి వచ్చినప్పుడే భారతదేశం, సరిహద్దుల నుంచి 1,500 కిలోమీటర్ల వరకు అని లెక్క వేసుకున్నారు. ఆ లెక్కకి ఏడు ఉపగ్రహాలు చాలు, అందులో తప్పులేదు, పొదుపైన చక్కటి డిజైన్. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి మొదటిది వెళ్లింది, 2016 ఏప్రిల్ 28న ఏడోది వెళ్లాక నావిక్ అని పేరు పెట్టారు.

దెబ్బ కొట్టింది గడియారాలు. ఈ పనిలో ప్రాణమంతా అణు గడియారంలోనే ఉంది, ఎందుకంటే సెకనులో వంద కోట్లో ఒక వంతు తప్పితే లెక్కలో 30 సెంటీమీటర్లు తప్పుతుంది. విదేశం నుంచి కొన్న రుబీడియం గడియారాలు మూడేసి పెట్టి పంపితే, మొదటి ఉపగ్రహంలో మూడూ పాడయ్యాయి. దాని బదులు 2017 ఆగస్టులో పంపిన ఉపగ్రహం రాకెట్ హీట్ షీల్డ్ విడిపోకపోవడంతో లోపలే చిక్కుకుపోయింది. 2018లో ఇంకొకటి పంపారు. 2023 మే నెలలో అహ్మదాబాద్‌లో మనవాళ్లే తయారు చేసిన గడియారంతో రెండో తరం నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్‌–01 వెళ్లింది, అది నిజంగా గర్వపడాల్సిన రోజు. 2025 జనవరి 29న, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్‌–02లో వాల్వ్ తెరుచుకోక, అది చేరాల్సిన కక్ష్యకి చేరలేదు. అప్పటివరకు పంపిన 11లో నాలుగే చోటు చెప్పే సేవలు అందిస్తున్నాయని 2025లో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. నాలుగు అంటే కనీస సంఖ్య. ఒకటి తగ్గితే కష్టం.

గడియారాలు పాడవడం ఎవరికైనా జరుగుతుంది, గెలీలియోకీ జరిగింది. నాకు ఎక్కువ బాధ కలిగించేది సంకేతం విషయంలో చేసిన ఎంపిక. చవక ఫోన్ చిప్‌లన్నీ వినేది ఎల్‌1 అనే ఫ్రీక్వెన్సీ. మన మొదటి తరం ఉపగ్రహాలు ఎల్‌5లో, ఎస్ బ్యాండ్‌లో మాత్రమే పంపాయి. దాని వల్ల నావిక్ వినాలంటే ఫోన్ కంపెనీలు అదనంగా ఖర్చు పెట్టాల్సి వచ్చింది, 2022లో ప్రభుత్వం ఫోన్లలో నావిక్ పెట్టాలని ఒత్తిడి చేస్తే వాళ్లు ఖర్చు పెరుగుతుందని అభ్యంతరం చెప్పారు. ఎల్‌1 ఎన్‌వీఎస్‌–01తో గానీ రాలేదు. అక్కడ చైనా తన కొత్త సంకేతాన్ని జీపీఎస్, గెలీలియో సంకేతాలకు సరిపోయేలా ముందే రూపొందించింది. ఫోన్ తయారీదారుని ఒప్పించాల్సిన పని లేకుండా చేసుకుంది.

అలాగని మనం చేసింది ఏమీ లేదనుకోకండి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020లో మన వ్యవస్థని గుర్తించింది. మొబైల్ ప్రమాణాల్లో చేర్చారు. బస్సులు, ట్యాక్సీల్లో తప్పనిసరి చేసిన ట్రాకర్లలో నావిక్ ఉంది. ఐఫోన్ 15 ప్రోలో కూడా వచ్చింది. కాగితం పని మనవాళ్లకీ వచ్చు.

వేరే దేశాలకు ఎప్పుడు ఇస్తామన్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ప్రపంచమంతా అని 24 ఉపగ్రహాల కల ఇప్పుడే కనాల్సిన పని లేదు. శ్రీలంక, మాల్దీవులు, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ ఇవన్నీ ఆ 1,500 కిలోమీటర్ల లోపే ఉన్నాయి. జగిత్యాల తమ్ముడు ఉండే దుబాయ్ కూడా గుజరాత్ అంచు నుంచి చూస్తే ఆ దూరం లోపే వస్తుంది. అంటే ఉన్న ఏడు చోట్లా గట్టి గడియారాలున్న, ఎల్‌1 పంపే ఉపగ్రహాలు నిలబెడితే చాలు, ఈ దేశాలకు ఇవ్వడానికి కొత్త కక్ష్యలు అక్కర్లేదు. ఆ తర్వాత కావాల్సింది కొలంబోలో, మాలేలో, ఢాకాలో రిఫరెన్స్ స్టేషన్లు, అక్కడి ఇంజినీర్లకి మన కాలేజీల్లో శిక్షణ. మీలాంటి అధ్యాపకులకి ఇందులో పాత్ర ఉంటుంది. ఆ దేశాల్లో చైనా ఈ పని మనకంటే ముందే పూర్తి చేస్తే, తర్వాత మనం ఎంత మంచి సంకేతం పంపినా వినే పరికరాలు అక్కడ ఉండవు. అందుకే నాకు తొందరగా ఉంది.

*నా ఫోన్లో నావిక్ ఉందో లేదో ఎలా చూడాలి? – వరంగల్, నెల్లూరు, బెంగళూరు నుంచి చాలామంది*

ఆండ్రాయిడ్ అయితే జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్ వేసుకుని ఆరుబయటికి రండి, కిటికీ దగ్గర కాదు, ఆకాశం బాగా కనిపించే చోటికి. ఐదు నిమిషాలు ఆగండి. మన జెండాతో వరుస కనిపిస్తే మీ ఫోన్ చిప్ నావిక్‌ని పట్టుకుంటోందని అర్థం. ఆ వరుసలో ఎల్‌5 అని ఉంటే పాత ఉపగ్రహాలను కూడా మీ ఫోన్ వినగలదు. ఏమీ కనిపించకపోతే ఫోన్ పాడైనట్టు కాదు, ఆ చిప్‌లో నావిక్ లేదు, అంతే. కొత్త ఫోన్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో ఆ పేరు ఉందేమో చూడండి, షాపు అతన్ని కూడా అడగండి.